తిరగేసి చూడవలసిన ముడి

అసర్ నమాజు ముగించుకుని ఏలూరు కాలువ గట్టున గాలం వేసి కూర్చోవడం మా అన్నదమ్ములిద్దరికీ చిన్ననాటి అలవాటు. ఇప్పుడు మాలో ఒకరం ఏలూరులోనూ, మరొకరం తాడేపల్లిగూడెంలోనూ స్థిరపడ్డాము. గోదావరి నీటిని మోసుకొచ్చే ఆ కాలువే రెండు ఊళ్ళనూ కలుపుతున్నది. సెలవు దినాన మమ్మల్నీ అదే కలుపుతున్నది. పట్టిన చేప ఇంటి కూరకే తప్ప, వినోదం కోసం ప్రాణిని హింసించరాదన్నది అబ్బా మాకు నేర్పిన తొలి నియమం.

రెండేళ్ళ క్రితం పాత నైలాను దారం మాని, సన్నని పోగులను జడవలె అల్లిన బ్రెయిడ్ దారం కొన్నాము. అంతే లావున్న నైలాను కన్నా అది ఎంతో గట్టిది. సాగదు గనుక చేప ఎరను ముట్టుకున్న సంగతి వెంటనే వేలికి తెలుస్తుంది. అయితే అది నీటిలో చేప కంటికి కనబడుతుంది; రాతికి ఒరుసుకుంటే త్వరగా తెగుతుంది. అందుచేత దాని కొసకు రెండు మూడు మూరల నైలాను లేదా ఫ్లోరోకార్బన్ దారాన్ని కలిపి, దానికి గాలం కడతారు. ఈ కొస దారమే లీడర్. ఒకటి మెత్తనిది, జారుడుది. మరొకటి లావైనది, బిరుసైనది. స్వభావం కలవని ఈ రెండింటినీ కలిపే ముడి దగ్గరే అసలు పరీక్ష.

ఆ పరీక్షలో మేము ఓడిపోయాము. మగ్రిబ్ సమీపిస్తున్నదన్న తొందరలో ఏదో తెలిసిన ముడి వేసి, లాగి చూడకుండానే గాలం విసిరాము. గుర్రపుడెక్క అంచున పెద్ద కొర్రమీను ఎరను అందుకున్నది. ఒక్క గుంజుకు దారం తేలికైపోయింది. చుట్టి చూస్తే బ్రెయిడ్ కొస చెక్కుచెదరలేదు. దారం తెగలేదు, ముడి జారిపోయింది. చేప మాత్రం దవడలో గాలంతో, వెనుక వేలాడే దారంతో నీటి అడుగుకు పోయింది. "ముడి నీది" అని ఒకరం, "తొందర నీది" అని ఒకరం వాదించుకుంటూ ఇల్లు చేరాము.

మా దాదీ యౌవనంలో ఏలూరు తివాచీల మగ్గంపై పని చేసిన మనిషి. పారశీక దేశం నుండి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఆ కళను ఈ ఊరికి తెచ్చాయని పెద్దలు చెప్పుకుంటారు. ఉన్ని పోగును పడుగు దారాలకు ముడివేయడం, కొస కత్తిరించడం, వరుస ముగిశాక ఇనుప దువ్వెనతో దిగగొట్టడం, ఇదే ఆమె చేతులకు తెలిసిన విద్య. మా తగవు విని ఆమె, "ముడి ఎవరిదని కాదు బేటా, బాధ ఎవరిదని అడగండి" అన్నది. కాసేపాగి, "తివాచీని పైనుంచి చూసి మెచ్చుకోకూడదు. తిరగేసి చూడాలి. ముడి సంగతి అక్కడే తెలుస్తుంది" అన్నది.

ఆ మాట మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది. ప్రతి పనిలోనూ ఉత్తమ వైఖరి విధించబడిందనీ, జిబహ్ చేసే వేళ సైతం కత్తికి పదును పెట్టి ప్రాణికి బాధ తగ్గించాలనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. కత్తికి ఆ నియమం ఉన్నప్పుడు గాలానికి లేకుండా పోతుందా?

ఆ తరువాత ముడి నేర్చుకోవడానికి కూర్చున్నాము. మొదట డబుల్ యూని. రెండు దారాల కొసలను ఎదురెదురుగా తెచ్చి జానెడు మేర పక్కపక్కన ఉంచాలి. బ్రెయిడ్ కొసను వెనుకకు మడిచి ఉచ్చు చేసి, ఆ ఉచ్చులో నుండి రెండు దారాల చుట్టూ ఏడెనిమిది సార్లు తిప్పాలి. లీడర్ కొసతో అటువైపు అదే విధంగా నాలుగైదు చుట్లు చాలు. జారే దారానికి చుట్లు ఎక్కువ కావాలి. రెండు ముడులనూ తడిపి, అసలు దారాలను మెల్లగా చెరొక వైపు లాగితే అవి జరిగివచ్చి ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. పొడిగా ఉండగా బిగిస్తే రాపిడి వేడికి నైలాను బలహీనపడుతుంది.

పిదప ఎఫ్.జి. ముడి. ఇందులో లీడర్‌ను మడవరు. దానిపై బ్రెయిడ్‌ను బిగువుగా అటొకసారి ఇటొకసారి ఇరవై చుట్ల వరకు అల్లి, చివర అర ముడులతో కట్టివేస్తారు. ఎంత లాగితే అంతగా కరచుకుంటుంది. సన్నగా ఉండడం వల్ల గాలపు కర్ర వలయాలలో తట్టుకోదు. ఏ ముడి అయినా చేతికి గుడ్డ చుట్టుకుని బలంగా లాగి చూడనిదే ఇప్పుడు మేము నీటిలో వేయము. జారిన ముడిని కోసి మళ్ళీ కడతాము. కోసిన ముక్కలను జేబులో వేసుకుని ఇంటికి తెస్తాము. 1999లో అభయారణ్యంగా ప్రకటించబడి, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరు మాకు దాపులోనే ఉన్నది. ఆటపాక వద్ద గూళ్ళు కట్టుకునే గూడబాతుల వంటి పక్షుల కాళ్ళకు, రెక్కలకు పారవేసిన దారపు ముక్క ఉరి కాగలదు.

అరబీలో 'అఖ్ద్' అంటే ముడి. నికాహ్ ఒడంబడికను కూడా మనం ఆ మాటతోనే పిలుస్తాము. మాయిదా సూరా మొదటి ఆయతులో విశ్వాసులు నెరవేర్చవలసిన ఒప్పందాలకు వాడిన 'ఉఖూద్' దాని బహువచనమే. ఈ సంగతి చదివిన నాడు మాకు మా తగవే గుర్తుకు వచ్చింది. మేమిద్దరం కూడా ఒకే స్వభావం గలవారము కాము. ఒకరికి తొందర, మరొకరికి బిరుసుతనం. ఇప్పుడు మాట పట్టింపు వచ్చినప్పుడు ఎవరో ఒకరం, "ముందు తడుపు, తరువాత బిగిద్దాం" అంటాము. ఇద్దరం నవ్వుతాము.

ఆ కొర్రమీను ఏమైనదో అల్లాహ్‌కే తెలుసు. మా నిర్లక్ష్యాన్ని ఆయన క్షమించుగాక! మన చేతులు వేసే ప్రతి ముడినీ తిరగేసి చూసుకునే బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.