మా సందు టీవీలో వచ్చింది

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ సింగ్ నగర్‌లో నేనుండే అద్దె రూమ్‌లోకి బుడమేరు నీళ్లు వచ్చేశాయి. నాది గ్రౌండ్ ఫ్లోర్. ఫోను, పవర్ బ్యాంకు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని ఓనర్ వాళ్ల మేడ మీదకి పరిగెత్తాను. మధ్యాహ్నానికల్లా కింద మెడలోతు నీళ్లు. కరెంటు లేదు. మేడ మీద మేం పదిహేడు మందిమి, అందులో ఒకరు ఆరు నెలల పాప.

విచిత్రం ఏంటంటే, ఆ రెండు రోజులూ మా ఏరియాని తెలుగువాళ్లంతా చూశారు. చూడనిది మేమే. మాకు టీవీ లేదుగా!

సోమవారం మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు.

“తిన్నావారా?”

“లేదు నాన్నా, నిన్నటి నుంచి బిస్కెట్లే. మా సందులోకి ఎవరూ రాలేదు.”

“అదేంట్రా, బోట్లలో అన్నం ప్యాకెట్లు పంచుతున్నారుగా! ఇప్పుడే లైవ్‌లో చూశా. సింగ్ నగరే. నువ్వు సరిగ్గా చూసుండవు.”

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నీళ్ల మధ్య ఉన్నది నేను. చూసింది మాత్రం ఆయనట!

సాయంత్రానికి మా సందు చివరికి ఒక బోటు వచ్చింది. లోపలికి రాలేక అక్కడే ఆగింది. మా కుర్రాళ్లు ఇద్దరు తాడు పట్టుకుని ఈదుకుంటూ వెళ్లి పాల ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు, పులిహోర తెచ్చారు. పాపకి పాలు పట్టాక అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడే మావయ్య ఫోన్. ఆయన చూసే ఛానల్ వేరు.

“ఏరా అల్లుడూ, అక్కడ ఒక్క మంచినీళ్ల బాటిల్ కూడా ఇవ్వట్లేదంటగా?”

“ఇప్పుడే వచ్చాయి మావయ్యా. పాలు కూడా ఇచ్చారు.”

రెండు క్షణాలు సైలెంటు. తర్వాత, “అలా చెప్పమని నీకెవరన్నా చెప్పారా?” అన్నాడు.

ఫోన్‌లో చార్జింగ్ తొమ్మిది శాతం ఉంది. అదంతా నేను బతికే ఉన్నానని చెప్పడానికి దాచుకున్నది. ఆ కాస్తా నా మాట నిజమని నా వాళ్లనే నమ్మించడానికి ఖర్చు పెట్టాల్సి వచ్చింది. వరద కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

నీళ్లు తీశాక ఆ రెండు ఛానళ్ల వీడియోలూ యూట్యూబ్‌లో వెతికి చూశాను. రెంటిలోనూ ఒక్క అబద్ధపు దృశ్యం లేదు. ఒక కెమెరా మెయిన్ రోడ్డు మీద, బోటు పక్కన ఉంది. ఇంకోటి లోపలి సందులో, చేతులు ఊపుతున్న ఆడవాళ్ల ముందు ఉంది. రెండూ మా ఏరియానే. కాకపోతే వాళ్లు బోటు చూపించి అందరికీ అందిందన్నారు. వీళ్లు సందు చూపించి ఎవరికీ అందలేదన్నారు. అబద్ధం ఆడక్కర్లేదన్నమాట. కెమెరా ఎక్కడ నిలబెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు.

ఏ ఛానల్ ఎవరి వైపో మనకి తెలియదా అంటే, చిన్నపిల్లాడికీ తెలుసు. అధికారంలో ఉన్నవాళ్లకి ఇంకా బాగా తెలుసేమో. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో ఆగిపోయాయి. 2019లో ఏపీ ఫైబర్‌నెట్‌లో టీవీ5, ఏబీఎన్ రాకుండా పోయాయి. 2024 జూన్‌లో ఏపీలో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ చాలాచోట్ల కేబుల్‌లో కనిపించలేదు. పార్టీ ఏదైనా కథ అదే. ఛానల్ మాయమైనప్పుడల్లా సగం మంది అన్యాయం అన్నారు, సగం మంది శాస్తి జరిగిందన్నారు. తర్వాతిసారి ఆ ఇద్దరే డైలాగులు మార్చుకున్నారు.

నాన్నకీ మావయ్యకీ పక్షపాతం కనిపించక కాదు. ఎదుటివాడి ఛానల్‌లోనే కనిపిస్తుంది. మన ఛానల్‌లో అయితే దాన్ని ధైర్యం అంటాం.

నేనేదో పెద్ద మనిషినని చెప్పట్లేదు. మేడ దిగిన మర్నాడు, వరదలో కొట్టుకుపోతున్న కార్ల వీడియో ఒకటి వాట్సాప్‌లో వస్తే కోపంతో నాలుగు గ్రూపుల్లో పెట్టేశాను. అది వేరే రాష్ట్రంలో ఎప్పుడో తీసిన వీడియో అని ఫ్రెండ్ చెప్పాడు. డిలీట్ చేసేలోపే అది నా చెయ్యి దాటిపోయింది. నా కోపానికి సరిపోయింది కాబట్టి చెక్ చేయలేదు. నాన్న చేసిందీ అదేగా! ఆయన చేతిలో రిమోట్, నా చేతిలో ఫోను. అంతే తేడా.

వారం తర్వాత రూమ్ కడగడానికి నాన్న వచ్చాడు. గోడ మీద ఆయన భుజం దాకా బురద గీత. దాన్ని చేత్తో తడిమి చూశాడు. తర్వాత మెయిన్ రోడ్డు నుంచి మా సందు చివరి దాకా ఒక్కడే నడిచి వెళ్లి వచ్చాడు. ఏమీ అనలేదు. చీపురు తీసుకున్నాడు.

ఆయన ఛానల్ మార్చలేదు. మావయ్యా మార్చలేదు. పండక్కి కలిస్తే ఇప్పటికీ గొడవే. కానీ ఇప్పుడు విజయవాడ గురించి ఏ వార్త వచ్చినా నాన్న ముందు నాకు ఫోన్ చేస్తాడు.

“టీవీలో ఇలా అంటున్నార్రా. మీ దగ్గర నిజంగా ఎట్లా ఉంది?”

అడుగుతున్నాడు. నాకు ప్రస్తుతానికి అది చాలు.