ఆకలిగా లేదమ్మా

మా ఇంట్లో రాత్రిపూట సంగటే. ఎనిమిదింటికి తెడ్డు పట్టుకుని కెలకడం మొదలుపెడితే, ముద్దలు కట్టి పళ్ళేల్లో పెట్టేసరికి ఎనిమిదిన్నర. మా అత్తమ్మకు మెత్తగా, మా ఆయనకు గట్టిగా, మా చిన్నదానికి ఊరిబిండి ఎక్కువ, నెయ్యి తక్కువ. ఇన్నేళ్ళలో ఎవరికి ఎంత ముద్దో చేతికే తెలిసిపోయింది.

పోయిన సెప్టెంబరులో ఒకరాత్రి గిన్నెలు కడిగి నీళ్ళు పారబోద్దామని బయటికి పోయాను. మా వీధి కుక్క గడప పక్కన కూర్చుని సంగటి ముద్ద తింటోంది. సగం ముద్ద. ఊరిబిండి కూడా అంటుకుని ఉంది. అంతకుముందు రోజు పొద్దున ఇడ్లీలు కూడా చిన్నది డబ్బాలో వేసుకుపోయి అట్లే వెనక్కి తెచ్చింది. ఏమ్మా అంటే, "ఆకలిగా లేదమ్మా" అంది.

ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఎందుకంటే ఆ అబద్ధం నాకు బాగా తెలుసు.

నా చిన్నప్పుడు మాది కుందుర్పి పక్కన పల్లె. వాన పడని ఏడు శెనక్కాయ చెట్టు జానెడు కూడా లేవదు. ఊడలు దిగే వేళకు పదును ఉండదు, కాయ పట్టదు. అట్లాంటి ఏళ్ళలో మా అమ్మ మా ముగ్గురికీ పెట్టి, కుండ అడుగు గీకి, నీళ్ళు పోసి తాగేది. "నువ్వు తినవామ్మా?" అంటే "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అనేది. నిజమనుకునేవాళ్ళం. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఓ నెల జీతం రాని రోజుల్లో అదే మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు అర్థమైంది. మా సీమ ఆడవాళ్ళకు పుట్టింటి సారెతో పాటు ఆ అబద్ధం కూడా మూట కట్టి పంపిస్తారేమో.

కానీ ఇప్పుడు మా ఇంట్లో తిండికి కొరత లేదు. మరి నా కూతురికి ఆ అబద్ధం ఎందుకు కావలసి వచ్చింది?

పక్కలో పడుకున్నాక మెల్లగా అడిగితే చెప్పింది. అది బడిలో కుస్తీ నేర్చుకుంటోంది. తొమ్మిదో తరగతిలో కబడ్డీ ఆడుతుంటే ఆటల మేడమ్ చూసి, నీకు నడుము బలం ఉంది, కుస్తీకి రా అన్నారట. ఆ నెలాఖర్లో అనంతపురంలో జిల్లా ఎంపికలు. పేరు 49 కిలోల విభాగంలో ఇచ్చింది. మా ఆయన లెక్కలు రాసే ఎరువుల అంగడిలో తూకం యంత్రం మీద నిలబడితే యాభై కిలోల ఆరు వందలు చూపించింది. పది రోజుల్లో పదహారు వందల గ్రాములు పోవాలి. అందుకని సంగటి కుక్కకు, ఇడ్లీ తిరుగు టపాలో ఇంటికి.

"ఎవరు చెప్పినారే నిన్ను తినొద్దని?"

"ఎవరూ చెప్పలేదు. వినేశ్ ఫొగాట్ చేయలేదా? ఆమె నీళ్ళు కూడా తాగలేదంట."

నాకు వినేశ్ అంటే 2024లో టీవీలో వచ్చిన వంద గ్రాముల కథే తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోను తెరిచి ఆమె గురించి చదవడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున పాలవాడు వచ్చేదాకా చదివాను.

హర్యానాలో బలాలి అనే పల్లె. 1994లో పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రిని ఎవరో కాల్చి చంపారు. తల్లి ప్రేమలత చిన్న వయసులోనే ఒంటరిదైపోయింది. పెదనాన్న మహావీర్ ఫొగాట్ తన కూతుళ్ళు గీత, బబితలతో పాటు ఈ పిల్లను కూడా మట్టిలోకి దించాడు. మనం దంగల్ సినిమాలో చూసిన పెద్దాయన ఆయనే. ఆడపిల్లలు కుస్తీ పట్టడమేంటని ఊరు నవ్విన రోజులవి.

ఫ్రీస్టైల్ అంటే ఏంటో కూడా అప్పుడే తెలుసుకున్నాను. గ్రీకో రోమన్ అనే ఇంకో రకంలో నడుము కింద పట్టకూడదు. ఫ్రీస్టైల్‌లో కాళ్ళు కూడా పట్టి పడేయొచ్చు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఫ్రీస్టైల్ ఒక్కటే ఉంది, అది కూడా 2004 నుంచే. మూడు నిమిషాలు, మళ్ళీ మూడు నిమిషాలు. ఎదుటి మనిషిని కింద పడేసి అదుపులోకి తెచ్చుకుంటే రెండు పాయింట్లు. రెండు భుజాలూ నేలకు ఆనించి అదిమితే ఆట అక్కడితో సరి.

వినేశ్ 2014లో గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 48 కిలోల్లో బంగారం గెలిచింది. 2018లో గోల్డ్‌కోస్ట్‌లో, 2022లో బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ బంగారమే. 2018 జకార్తా ఏషియాడ్‌లో బంగారం గెలిచిన మొదటి భారతీయ మహిళా రెజ్లర్ ఆమే. ప్రపంచ పోటీల్లో 2019లో, 2022లో రెండు కాంస్యాలు. ఇవన్నీ చదువుతుంటే ఎంత సాఫీగా ఉందో అనిపిస్తుంది. కానీ ఒలింపిక్స్ దగ్గరికొచ్చేసరికి ఆమె రాత వేరు. 2016 రియోలో చైనా అమ్మాయితో ఆడుతూ మోకాలు విరిగినంత పనై, స్ట్రెచర్ మీద బయటికి వచ్చింది. అదే రియోలో సాక్షి మాలిక్ కాంస్యం గెలిచి దేశమంతా పండగ చేసుకుంటుంటే ఈమె మంచం మీద ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లో ఓటమి. 2023లో సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో సాక్షి, బజరంగ్ పునియాలతో కలిసి ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చుంది. మే 28న పోలీసులు వాళ్ళను ఈడ్చుకెళ్ళడం మనమంతా టీవీల్లో చూశాం. ఆ ఆగస్టులో మోకాలికి ఆపరేషన్.

ఇక పారిస్. తను ఆడే 53 కిలోల్లో చోటు అప్పటికే ఇంకో అమ్మాయి అంతిమ్ పంఘాల్ సంపాదించుకుంది. కాబట్టి వినేశ్ 50కి దిగింది. 2024 ఆగస్టు 6న మొదటి పోటీయే జపాన్‌కు చెందిన యుయి సుసాకితో. టోక్యో విజేత, అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమి ఎరగని మనిషి. చివరి పది సెకన్ల దాకా 0-2తో వెనకబడి ఉన్న వినేశ్ ఒక్క పట్టుతో పడేసి 3-2తో గెలిచింది. ఆ వీడియో నేను నాలుగుసార్లు చూశాను. తర్వాత ఉక్రెయిన్ అమ్మాయి, ఆపైన క్యూబా అమ్మాయి. ఒక్కరోజులో మూడు గెలిచి ఫైనల్‌కు చేరింది.

కానీ ఈ ఆటలో రెండో రోజు పొద్దున మళ్ళీ తూకం వేస్తారు. మూడు పోటీల మధ్య తిన్న కాస్త తిండికి, తాగిన నీళ్ళకు బరువు రెండు కిలోల పైనే పెరిగింది. రాత్రంతా ఆమె నిద్రపోలేదు. పరుగులు, ఆవిరి గది, నోట్లో చుక్క నీరు లేదు. చివరికి జుట్టు కూడా కత్తిరించారు. పొద్దున తూకంలో 50 కిలోల 100 గ్రాములు. పోటీ నుంచి తీసేశారు, జాబితాలో ఆఖరి స్థానంలో వేశారు. ఒంట్లో నీరంతా పోయి చికిత్స అవసరమైంది. మర్నాడే ఇక ఆడలేనని కుస్తీకి సెలవు చెప్పింది. ఉమ్మడి రజతమైనా ఇవ్వమని వేసిన అప్పీలును కూడా ఆగస్టు 14న కొట్టేశారు.

వంద గ్రాములంటే ఎంతో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పోపుల డబ్బాలో ఒక గిన్నెడు ఆవాలు. అరగ్లాసు నీళ్ళు కూడా కాదు.

ఇంకో విషయం చదివి ఫోను పక్కన పెట్టేశాను. 2016లో రియోకు ముందు మంగోలియాలో జరిగిన అర్హత పోటీలో కూడా ఆమెను 400 గ్రాములు ఎక్కువని తీసేశారు. తర్వాత ఇస్తాంబుల్‌లో గెలిచి రియో పోయింది. అంటే ఆ పిల్ల ఎనిమిదేళ్ళు ఎదుటి మనిషితోనే కాదు, తన పళ్ళెంతో కూడా కుస్తీ పట్టిందన్నమాట.

పొద్దున ఆటల మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె కంగారు పడ్డారు. "నేను ఉపవాసాలుండమనలేదండీ. తగ్గకపోతే 53లో పేరు మారుద్దాం. కాకపోతే అక్కడ పెద్ద పిల్లలుంటారు, గెలవడం కష్టం. 49లో అయితే మీ పాప కచ్చితంగా గెలుస్తుంది" అన్నారు.

ఇంట్లో పంచాయితీ పెట్టాం. మా అత్తమ్మకు అసలీ ఆటే ఇష్టం లేదు. "పెండ్లి చేసి బరువు దించుకోవాల్సిన పిల్లకు కుస్తీ ఏంటికి? మూతి పండ్లు రాలితే ఎవరు చేసుకుంటారు?" అంది. మా ఆయన నా వైపు చూసి ఊరుకున్నారు. బరువు దించుకోవడం! బీఏలో మూడేళ్ళు తెలుగు చదివాను గానీ ఆ మాట ఎంత బరువైందో ఆ రోజే తెలిసింది. కూతుర్ని కన్నవాళ్ళు దించుకోవాల్సిన బరువు అంటారు. ఇక్కడేమో కూతురు తన బరువు తానే దించుకుంటానంటోంది. రెండింట్లోనూ తగ్గాల్సింది ఆడపిల్లేనా?

నేను 2000లో డిగ్రీలో ఉన్నాను. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. పేపర్లో బొమ్మ కత్తిరించి నోటు పుస్తకానికి అట్ట వేసుకున్నాను. ఆమెది 69 కిలోల విభాగం. ఆ బొమ్మలో నాకు నచ్చింది ఆ భుజాలు. ఆ భుజాలు ఆకలితో వచ్చినవి కావు.

అదే చెప్పాను. "కుస్తీ మానుకోమనను. కానీ ఈ ఇంట్లో పస్తులుండి ఆడేది లేదు. 53లో అయితే పో. లేదంటే ఇంటికాడుండు."

"53లో పోతే ఓడిపోతా. నీకు తెలీదమ్మా, నీకేం తెలీదు" అని ఏడ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తినడం మొదలుపెట్టింది, నా మీద కోపంతో, కసిగా నమిలి నమిలి.

ఎంపికల రోజు నేనూ పోయాను. తెల్లారుజామున లేచి చూస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. మా అత్తమ్మ చిత్రాన్నం కలుపుతోంది. "పోయేదెట్లా పోతాంది. కడుపు నిండా తినిపోనీ" అంది, నా మొహం చూడకుండా. ఆమె కూడా గంజి తాగి బతికిన ఏళ్ళు చూసిన మనిషే కదా.

చిన్నది మొదటి పోటీ గెలిచింది. రెండో దాంట్లో దానికంటే జానెడు ఎత్తున్న పిల్ల కాళ్ళు పట్టి ఎత్తేసింది. లేవడానికి ప్రయత్నించింది, అయింది కాదు. పక్క చాపలో 49 కిలోల్లో గెలిచిన పిల్లను చూపించి, "ఆ పిల్లను నేను రెండుసార్లు ఓడించినా" అంది. ఇంకేమీ అనలేదు. నేను చేసింది తప్పా అని ఆ నిమిషంలో అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను. దాని గెలుపును నేనే చేజేతులా తీసేసుకున్నానేమో. గెలిచుంటే పస్తు సంగతి మరిచిపోయి మురిసిపోయేదాన్నేమో. కాదు, గెలిచుంటే వచ్చే ఏడు ఇంకా ఎక్కువ పస్తులుండేది.

తిరుగు బస్సు కళ్యాణదుర్గం వైపు మళ్ళాక, చాలాసేపు కిటికీలోంచి బీడు చేలు చూస్తూ కూర్చుంది. తర్వాత నా భుజానికి ఆనుకుని అంది, "అమ్మా, ఆకలిగా ఉంది. జేజి చిత్రాన్నం ఇంకా ఉందా?"

ఉంది. బస్సులోనే డబ్బా మూతలో పెట్టిచ్చాను. ఒక్క మెతుకు మిగల్చలేదు.

పోయిన డిసెంబరులో వినేశ్ మళ్ళీ ఆడతానని ప్రకటించింది. 2028లో లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్ లక్ష్యమట. అప్పటికి ఆమె ఓ చంటివాడి తల్లి. ఆ వార్త నాకు చదివి వినిపించింది మా చిన్నదే. "ఈసారి ఏ బరువులో ఆడుతుందో చూడాలమ్మా" అంది, చేతిలో శెనక్కాయల చిక్కీ కొరుకుతూ. దాని పేరు మాత్రం ఈ ఏడు కూడా 53లోనే ఇస్తానంది. భుజాలు పెరగాలంట. పొద్దున్నే అక్కమ్మ గార్ల కొండ వైపు పరుగెత్తడానికి పోతోంది. నేను ఒక గుడ్డు ఎక్కువ ఉడకబెడుతున్నాను.

మీ ఇంట్లో పిల్లలు ఆటలాడినా, చదువుకున్నా, ఊరికే అద్దం ముందు నిలబడి నేను లావైపోయానన్నా, "ఆకలిగా లేదమ్మా" అంటే ఆ మాట నమ్మి గిన్నెలు సర్దేయకండి. కాసేపు పక్కన కూర్చోండి. ఆ అబద్ధం మనం ఆడిందే కదా, మనకు తెలియదా?