బీచుపల్లి బ్రిడ్జి మీద ఆగినవాళ్లు

తంగిడి దగ్గర భీమను కలుపుకొని కృష్ణమ్మ పాలమూరులో అడుగు పెడుతుంది. అక్కడి నుంచి నల్లగొండ పొలిమేర దాకా ఆమె వెంట నడిస్తే వంతెనలు చాలానే తగులుతాయి. జనం నది దాటడానికే కాదు, ఆగి చూడటానికీ వాటి మీదికి వస్తారు. ఆ సంగతి మాత్రం కట్టినవాళ్లకు పట్టినట్టు లేదు.

ఎగువన కురువపురం వెళ్లే దత్త భక్తులను తరతరాలుగా దాటించింది పుట్టి. కిందికి వస్తే జూరాల. గద్వాల, ఆత్మకూరుల మధ్య దారి ఆనకట్ట మీదుగానే. గేట్లు లేపారన్న కబురు ఫోన్లలో తిరిగితే చాలు, ఆదివారం జాతరే. నీళ్లు చూసేది అరగంట, చేపల వేపుడు కొట్ల దగ్గర గంట. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

అసలు సందడి బీచుపల్లిది. హైదరాబాద్–బెంగళూరు హైవే ఇక్కడే కృష్ణను దాటుతుంది. పాత బ్రిడ్జి ఒకటి, పక్కనే కొత్తది, గట్టున ఆంజనేయస్వామి గుడి. బస్సు బ్రిడ్జి ఎక్కగానే కిటికీ పక్కనున్న ముసలమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీస్తుంది. కళ్లకద్దుకొని విసురుతుంది. బిళ్ల పిట్టగోడకు తగిలి రోడ్డు మీదే పడిందా, "నీదే తల్లీ, తీసుకో" అని అక్కడి నుంచే దండం పెడుతుంది. కండక్టర్ నవ్వడు, అతనికిది రోజూ ఉండేదే.

వినాయక చవితి అయ్యాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి విగ్రహాలు లారీల్లో, ట్రాక్టర్లలో ఇక్కడికే వస్తాయి. డీజే, గులాల్, క్రేన్ల దగ్గర తోపులాట. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులూ ఘాట్లలో స్నానాలు చేసిన జనం తీరిగ్గా బ్రిడ్జి ఎక్కి నదిని చూశారు. వరద చూడాలన్నా, ఫొటో దిగాలన్నా చోటు అదే. కానీ నిలబడేందుకు జాగా ఏది? వీపు వెనక నుంచి లోడు లారీ పోతే కాళ్ల కింద బ్రిడ్జి అదురుతుంది. పిల్లల రెక్క పట్టుకొని తల్లులు గోడకు అతుక్కుంటారు.

దిగువన సోమశిల దగ్గర కథ వేరు. అక్కడ ఇన్నేళ్లూ పడవే గతి. 2007లో పడవ మునిగి 61 మంది పోయాక వంతెన కావాలన్న గొంతులు పెరిగాయి. 2022లో కేంద్రం 1,082 కోట్లతో తీగల వంతెనకు ఒప్పుకుంది. అందులో నడిచేవాళ్ల కోసం అద్దాల బాట కూడా ఉంటుందన్నారు. జనం ఆగుతారని ముందే తలచిన వంతెన, కాగితం మీదైనా, ఈ దారిలో నాకు కనబడింది ఇదొక్కటే.

శ్రీశైలం దాటి నల్లగొండ వైపు వస్తే నాగార్జునసాగర్. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన డ్యాం. 26 గేట్లూ ఎత్తిన రోజున దిగువన కొత్త బ్రిడ్జి మీద కార్లు బారులు తీరుతాయి, పోలీసులు ఈలలు వేస్తూనే ఉంటారు. వాడపల్లికి వచ్చేసరికి మూసీ కలుస్తుంది. హైదరాబాద్‌లో 1578 నాటి పురానాపూల్ కింద పారిన నీళ్లు, పట్నం మురికితో సహా, ఇక్కడే కృష్ణలో పడతాయి. వంతెన దాటితే పొందుగుల, ఆంధ్రప్రదేశ్.

మళ్లీ పుష్కరాలు 2028లో. ఘాట్లకు ఎలాగూ నిధులిస్తారు. అందులోంచి కొంత తీసి, బీచుపల్లి బ్రిడ్జికి లారీలు తగలని నడకదారి ఒకటి వేయండి.