బియ్యం పురుగు ముక్కు

బియ్యం ఏరేటప్పుడు చేటలో పాకే ఆ ముక్కు పురుగును ఒక్కసారి భూతద్దంలో చూడండి. మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో, అంతే. కానీ ఆ ముక్కు! తల ముందుకు సన్నగా సాగి, ఏనుగు తొండంలా కిందికి వంగి ఉంటుంది. నోరు దాని కొసన. ఆడపురుగు దాంతోనే గింజకు బెజ్జం చేసి, గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. బయటికి ఏమీ తెలీదు. ఆడదాని ముక్కు పొడుగు, నునుపు. మగదానిది పొట్టి, గరుకు.

ముదురు గోధుమరంగు రెక్కల పెంకుల మీద నాలుగు ఎర్రటి మచ్చలుంటాయి. తల వెనక భాగమంతా గుండ్రటి గుంటలు. చలిదేశాల గోదాముల్లో ఉండే దీని దగ్గరి చుట్టానికి ఆ గుంటలు కోలగా ఉంటాయి, మచ్చలుండవు, అది ఎగరలేదు కూడా.

మొక్కజొన్న ముక్కు పురుగుతోనే అసలు చిక్కు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మగపురుగును కోసి జననాంగం చూస్తే ఖాయంగా చెప్పొచ్చు. పైభాగం నున్నగా ఉంటే బియ్యం పురుగు, రెండు గాడులుంటే మొక్కజొన్నది. 1763లో శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన పురుగును ఇప్పటికీ ఇలా పోల్చుకుంటున్నారు!

మీ డబ్బాలో కనబడితే పారేసే ముందు ఫోటో పంపండి, ముక్కు పక్కనుంచి కనబడేలా. ఆడో మగో చూద్దాం.