అమెజాన్ మీద ఐమూల నిద్ర

బ్రెజిల్‌లోని మానౌస్ రేవులో బెలేం వెళ్ళే లాంచీకి మామూలు టికెట్టు కొంటే పడుకునే చోటు మాత్రమే దొరుకుతుంది. పడక ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. రేవు చుట్టుపక్కల దుకాణాల్లో రంగురంగుల నూలు హ్యామకులు (ఊయల పడకలు), వాటిని కట్టే తాళ్ళు వేలాడుతుంటాయి. లాంచీ పైకప్పు కింద వరసగా ఇనప కడ్డీలు, కొక్కేలు ఉంటాయి. మధ్యాహ్నం బయలుదేరే లాంచీకి పొద్దున్నే వచ్చి హ్యామక్ కట్టేసుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు. ఆలస్యమైతే ఇంజను పక్కనో, మరుగుదొడ్ల దారిలోనో వేలాడవలసి వస్తుంది. ఈ నీటి దారి సుమారు 1600 కిలోమీటర్లు. ప్రవాహంతో పాటు దిగితే నాలుగు రోజులు, ఎదురెక్కితే ఐదారు. ముసలివాళ్ళు, బాలింతలు, సరుకు మూటలతో వెళ్ళే వ్యాపారులు ఆ రాత్రులన్నీ గుడ్డలోనే నిద్రపోతారు, పొద్దున్నే నడుం పట్టుకోకుండా లేస్తారు. అడవిలో సరదాగా ఒక్క రాత్రి హ్యామకులో పడుకున్న పట్నవాసి మాత్రం వెన్ను విరిగిందంటాడు. ఈ తేడాకి మూలం శరీరాల్లో లేదని, కట్టే తీరులో, పడుకునే తీరులో ఉందని ఈ నది మీద ప్రయాణిస్తే స్పష్టంగా తెలుస్తుందని నా వాదన.

ముందు కట్టడం చూద్దాం. లాంచీలో హ్యామకులన్నీ లోతుగా, వదులుగా వేలాడుతుంటాయి. కొత్తవాడికి అది బద్ధకంగా కట్టినట్టు కనిపిస్తుంది, తన తాడు పట్టుకుని చేతనైనంత బిగిస్తాడు. ముఖ్యంగా మన బుద్ధి అటే పోతుంది. నులక మంచం వదులైతే పడుకున్నవాడు గుంటలో పడతాడు కాబట్టి బిగించుకోవడం మనకు తరాల అలవాటు. హ్యామకుకి ఆ న్యాయం తిరగబడుతుంది. తాడు అడ్డంగా ఉన్న గీతకి 30 డిగ్రీల కోణంలో దిగితే, 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో వైపు తాడు మీద పడే లాగుడు సరిగ్గా 70 కిలోలే. కోణం 15కి తగ్గితే అది 135 అవుతుంది. బాగా బిగించి 5 డిగ్రీలకి తెస్తే దాదాపు 400 కిలోలు. ఆ లాగుడంతా గుడ్డ అంచుల్లోకి పాకుతుంది. రెండు అంచులూ తీగల్లా బిగిసి భుజాల్ని లోపలికి నొక్కుతాయి, మధ్యలో మనిషి పొట్లంలో చిక్కుకుంటాడు. పైగా అలా కట్టింది కాస్త కదిలితే బోర్లా తిప్పి పడేస్తుంది. గుడ్డని చదునుగా సాగదీయడానికి రెండు చివర్లా కర్రలు పెట్టిన తోట హ్యామకులు ఫొటోలకి ముచ్చటగా ఉంటాయి కానీ, రాత్రి నిద్రకి అన్నిటికంటే పనికిరానివి అవే.

వదులు పని సగమే చేస్తుంది. మిగతా సగం పడుకునే దిక్కు. మానౌస్ దాటాక నీగ్రో నది నల్లని నీళ్ళు, సోలిమోయిస్ మట్టి నీళ్ళు కలవకుండా పక్కపక్కనే కిలోమీటర్ల తరబడి సాగుతాయి. వేగం, వేడి, సాంద్రత వేరు కావడమే కారణం. యాత్రికులందరి కళ్ళూ అటుంటాయి. వెనక్కి తిరిగి హ్యామకుల వంక చూసినా నేర్చుకోవలసింది తక్కువేం కాదు. అలవాటున్న మనిషి గుడ్డ మధ్యగీత వెంట పడుకోడు. తల ఒక పక్కకి, కాళ్ళు రెండో పక్కకి జరిపి ఐమూలగా వాలతాడు. వదులుగా ఉన్న గుడ్డ ఆ దిశలో చదునుగా పరుచుకుంటుంది, వెన్ను దాదాపు తిన్నగా ఉంటుంది. మధ్యగీత వెంట పడుకుంటే నడుం కిందికి దిగి, మోకాళ్ళు వెనక్కి వంగి, పొద్దుటికి సలుపు పుడుతుంది. కాళ్ళ వైపు చివరను తల వైపు కన్నా జానెడు పైకి కట్టడానికీ ఒక కారణం ఉంది. నడుం పైభాగం బరువెక్కువ, రెండు చివరలూ సమంగా ఉంటే మనిషి రాత్రంతా కాళ్ళ వైపు జారుతూ ఉంటాడు. మోకాళ్ళ కింద చిన్న దిండో, మడిచిన చొక్కానో పెడితే మిగిలిన కాస్త ఇబ్బందీ పోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అమెజాన్ జనం ఊయల్లో పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళ వెన్నుకి అది అలవాటు, పరుపుల మీద పెరిగిన మనకి ఇదంతా ఎక్కడ కుదురుతుంది అని. చరిత్ర ఈ మాటని ఒప్పుకోదు. 1492లో కొలంబస్ బృందం బహామా దీవుల్లో హ్యామకుల్ని చూసేదాకా యూరపుకి వాటి ఊసే లేదు. 1597లో ఇంగ్లండు నౌకాదళం వాటిని స్వీకరించింది. గడ్డి పరుపుల మీద పెరిగిన కుర్రాళ్ళు ఓడెక్కాక, పెద్ద వయసులోనే నేర్చుకున్నారు. మనిషికి జానాబెత్తెడు వెడల్పు ఇచ్చే ఆ ఓడల్లో ఐమూలగా వాలడానికి చోటెక్కడిది? అయినా శతాబ్దాల పాటు నిద్రపోయారు. లాంచీ కూడా అన్ని వేళలా ఆదర్శం కాదు, అది ఒప్పుకోవాలి. జూన్ నెలాఖరులో, దారిలోని పారింటిన్స్ ఊరి ఉత్సవం రోజుల్లో ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకలకి తగిలేంత కిక్కిరిసి ఉంటుంది. జనం పక్కవాడి హ్యామక్ కంటే తమది కొంచెం ఎత్తుగానో, కొంచెం పల్లంగానో కట్టి సందు చేసుకుంటారు. అడవిలో రెండు చెట్ల మధ్య కట్టుకునే శిబిరవాసికి ఈ బాధ అసలే లేదు. ఆ లెక్కన లాంచీ ప్రయాణికుల కంటే అతనే బాగా నిద్రపోవాలి.

ఊగడం వల్లే నిద్ర పడుతుందని చాలామంది నమ్మకం. దీనికి ఆధారం లేకపోలేదు. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో 12 మంది మగవాళ్ళని మెల్లగా ఊగే మంచం మీద 45 నిమిషాల కునుకు తీయించి మెదడు తరంగాలు చూశారు. ఊగినప్పుడు త్వరగా నిద్ర పట్టింది, గాఢత కూడా పెరిగింది. కానీ అది ఊగే మంచం, హ్యామక్ కాదు, పైగా పగటి కునుకు. ఆ ఫలితాన్ని పట్టుకుని హ్యామక్ నిద్రే శ్రేష్ఠమని ప్రచారం చేయడం నాకు నచ్చదు. లాంచీ కదలిక మెత్తగానే ఉంటుంది, ఆ కదలిక హాయి అనుమానం లేనిదే, అయినా తప్పుగా కట్టిన తాడుని అది సరిచేయలేదు.

అసలు బలమైన అభ్యంతరం చలిది.  నది రెండు కిలోమీటర్ల లోపుకి ఇరుకయ్యే ఒబిదోస్ దగ్గర పగలు ఉక్కపోతతో చొక్కా తడిసిపోతుంది. అదే లాంచీలో తెల్లవారుజామున నది గాలికి అందరూ దుప్పట్లు కప్పుకుంటారు. భూమధ్యరేఖకి ఇంత దగ్గరలోనే ఇలా ఉంటే కొండ మీద చెప్పాలా? హ్యామకులో చలి పైనుంచి కన్నా కిందినుంచి ఎక్కువ వస్తుంది. మనిషి బరువుకి దుప్పటి నలిగి అందులో గాలి మిగలదు, కింద ఖాళీ కాబట్టి గాలి వీచి వేడిని ఎత్తుకుపోతుంది. ఈ సంగతి ఆదివాసులకి ఎప్పుడో తెలుసు. 1500లో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకలు కోళికోడ్ వైపు వస్తూ దారిలో బ్రెజిల్ తీరాన్ని తాకినప్పుడు, పేరో వాజ్ ద కామిన్యా రాజుకి రాసిన ఉత్తరంలో అక్కడి ఇళ్ళలో స్తంభాలకి కట్టిన పడకల గురించి, వాటి కింద వెచ్చదనానికి వేసుకున్న నిప్పుల గురించి ఉంది. ఇప్పుడు నిప్పు బదులు హ్యామకు బయట, అడుగున వేలాడదీసే మెత్తని బొంతలు వచ్చాయి. నలగవు కాబట్టి వాటిలో గాలి నిలుస్తుంది. అవి లేకపోతే ఫోమ్ చాపనైనా వీపు కింద పరుచుకోవాలి. డిసెంబరులో లంబసింగిలో హ్యామక్ కట్టాలనుకునేవాళ్ళు పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా అడుగున ఇవేవీ లేకుండా వణకక తప్పదు. అడుగున ఇలాంటిదేదో ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. పలుచని నైలాన్ గుడ్డలోంచి దోమలు కిందినుంచి కుట్టగలవు, దోమతెర పైన మాత్రమే ఉంటే సరిపోదు.

సాంతారేం దాటి, బ్రేవిస్ దగ్గర సన్నని పాయల్లోంచి బెలేం చేరేసరికి ఎవరికైనా వచ్చే సందేహం, ఇది అందరికీ కుదురుతుందా అని. కుదరదు. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్ళకి హ్యామక్ ఎప్పటికీ హింసే. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళు ఐమూలగా వాలి, మోకాళ్ళు కాస్త మడుచుకుంటే నెట్టుకురాగలరు. రాత్రి పలుమార్లు లేచేవాళ్ళు, మోకాలి జబ్బులున్నవాళ్ళు డేరాలో నేల మీద పడుకోవడమే మేలు. మిగతావాళ్ళకి నా మాట ఇది. నేల పరిచిన చాపలాగ సమంగా దొరకని నల్లమలలాంటి చోట, అటవీశాఖ అనుమతి ఉంటే, హ్యామక్ డేరా కన్నా నయం. 3.3 మీటర్ల కంటే పొట్టి గుడ్డ కొనకండి, ఐమూలగా వాలడానికి అంత పొడుగు కావాలి. బెరడు కోసుకుపోకుండా చెట్టుకి సన్నని తాడు బదులు రెండు వేళ్ళ వెడల్పు పట్టీ చుట్టండి. కూర్చుంటే సీటు నేలకి మోకాలెత్తున ఉండేలా కట్టండి, అంతకంటే పైకి వద్దు. మొదటి రాత్రి అడవిలో కాకుండా ఇంటి వసారాలోనో, మామిడి తోటలోనో గడపండి. కుదరకపోతే లేచి లోపలికెళ్ళి పడుకోవచ్చు.