గ్యాస్ అయిపోదు

మెకానిక్ పాత బిల్లు వెనకాల ఎస్టిమేటు రాసిచ్చాడు. కంప్రెసర్ 7,500. గ్యాస్ 3,500. లేబర్ 2,000. నా కళ్లు రెండో లైను దగ్గర ఆగిపోయాయి. కంప్రెసర్ అంటే వస్తువు, బరువుంటుంది. లేబర్ అంటే మనిషి కష్టం. కంటికి కనపడని గ్యాస్‌కి మూడున్నర వేలా?

"గ్యాస్‌లో ఓ ఐదొందలు తగ్గించండి" అన్నాను.

"తగ్గించొచ్చు మేడమ్. నైట్రోజన్ పెట్టి లీకు చూడటం మానేస్తే సరి. ఇదివరకు వచ్చినోళ్లు అదే చేసుంటారు."

విజయవాడ, మే నెల. అమ్మ గదికి పడమటి గోడ. రాత్రి పదకొండైనా చెయ్యి ఆనించలేం. ఏసీ ఆగిపోయిన రెండు రాత్రులూ అమ్మ గచ్చు మీద నీళ్లు చల్లుకుని, తడి తువ్వాలు కప్పుకుని పడుకుందట. డెబ్భై ఒకటో ఏడు, పైగా బీపీ. మూడో రోజు పొద్దున గానీ నాకు ఫోన్ చెయ్యలేదు. "నువ్వు ఆఫీసులో బిజీగా ఉంటావని" అంది.

పోయిన మూడేళ్లూ ఏప్రిల్లో ఇదే తంతు. చల్లదనం తగ్గిందని అమ్మ చెబుతుంది. నేను హైదరాబాద్‌లో కూర్చుని ఎవరినో బుక్ చేస్తాను. వచ్చినతను "గ్యాస్ అయిపోయింది" అంటాడు. నేను డబ్బులు కొడతాను. 2,500, తర్వాత 2,800, పోయినేడు 3,000. అమ్మ సంగతి చూసేశాననుకుని మళ్లీ పనిలో పడిపోతాను.

"అయిపోడానికి అదేమన్నా వంటగ్యాసా మేడమ్?" అన్నాడు మెకానిక్.

నిజంగా నేను అలాగే అనుకున్నాను, సిలిండర్ ఖాళీ అయినట్టు. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదట. గదిలో వేడి తీసుకుని ఆవిరవుతుంది, బయట కంప్రెసర్ నొక్కితే ఆ వేడి వదిలేసి ద్రవమవుతుంది, మళ్లీ గదిలోకి వస్తుంది. ఫ్యాక్టరీలో పోసిన ఆ కిలోనే మిషన్ బతికినన్నాళ్లూ తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. కంప్రెసర్ మోటార్‌ని చల్లబరిచేది కూడా తిరిగొచ్చే ఆ గ్యాసే. అది చాలకపోతే మోటార్ వేడెక్కి వేడెక్కి కాలిపోతుంది.

లెక్క వేసుకున్నాను. మూడేళ్లలో గ్యాస్‌కి 8,300. కంప్రెసర్ ఖరీదు కంటే ఎక్కువ. అంతా కన్నం ఉన్న కుండలో పోశాను.

"సరే, మొత్తం చెయ్యండి" అన్నాను.

బాల్కనీలో అతను వాల్వు తిప్పగానే మిగిలిన గ్యాస్ బుస్సుమని బయటికి పోయింది. కాలిన నూనె వాసన. నాన్న 2012లో కొన్న ఏసీ ఇది, లోపలున్నది ఆర్-22. ఓజోన్ పొరని తినే రకం. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంటున్న జాబితాలోది, మన దేశానికి గడువు 2030. పైగా ఇది కిలో గాల్లో కలిస్తే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఏడెనిమిది వందల లీటర్ల పెట్రోలు తగలేసినట్టు. ఎండలు ముదిరిపోతున్నాయని పోస్టులు పెట్టే నేను, ఇన్నేళ్లూ డబ్బిచ్చి మరీ దాన్ని గాల్లోకి వదిలించాను.

"పట్టి పెట్టుకోలేమా?" అని అడిగాను.

"మిషన్ ఉంటుంది మేడమ్. దాని ఖర్చు ఎవరిస్తారు?"

ఐదొందలు తగ్గించమని అంతకుముందే అడిగిన దాన్ని. నోరెత్తలేదు.

వేరే గ్యాస్ పోయడం కుదరదన్నాడు. కొత్త రకాలకి ప్రెషర్ వేరు, కంప్రెసర్‌లో నూనె వేరు. పాత మిషన్‌కి పాత గ్యాసే.

కొత్త కంప్రెసర్ అతికించాక నైట్రోజన్ నింపి, సబ్బు నురగ పట్టుకుని ఒక్కో జాయింటూ తడిపాడు. బయట యూనిట్ దగ్గర ఇత్తడి నట్టు మీద చిన్న బుడగ లేచింది. పగిలింది. మళ్లీ లేచింది.

"ఇదిగో మీ మూడేళ్లు" అన్నాడు.

రాగి గొట్టం అంచు కోసి, మళ్లీ విప్పార్చి, నట్టు బిగించాడు. పది నిమిషాల పని. దానికి విడిగా ఏమీ వేయలేదు. తర్వాత ఓ గంట వ్యాక్యూమ్ పెట్టి, సిలిండర్‌ని కాటా మీద ఉంచి తూకం చూసుకుంటూ గ్యాస్ ఎక్కించాడు. అలా తూచి పోయాలని కూడా నాకు ఆ రోజే తెలిసింది. పదమూడు వేలూ ఇచ్చాను.

ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకున్నాను. ఇరవై ఆరులో పెట్టింది. నిద్రపోయిందనుకున్నాను.

"ఏమే, ఇంకా అదే గ్యాస్ తిరుగుతోందా?" అంది చీకట్లో.

"అదేనమ్మా."

"ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు, పాపం" అని అటు తిరిగి పడుకుంది. మాట ఏసీ గురించే. నాకే చాలాసేపు నిద్ర పట్టలేదు.