జీపు ముందు ఇరుసుకి సీలలు

మన మహీంద్రా సీజే3బీకి ఏం చేయించావని చాలామంది అడిగారు. ముందు కమాన్లు కొత్తవి వేయించినప్పటి నుంచి అది కాలవ గట్టు మీద అటూ ఇటూ కొట్టుకునేది. పక్కన నీళ్లు, వెనక సీట్లో పిల్లలు. స్టీరింగ్ బాక్సు మార్చాలన్నాడు ఒక మెకానిక్. మా నాయనైతే పాత ఇనుముకి వేసెయ్యమన్నాడు.

రోగం కాస్టర్‌ది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అదే వాలు. జీపు కింగ్‌పిన్‌కి 3 డిగ్రీలు ఉండాలి. మాది కొలిస్తే ఒక్కటే ఉంది.

2 డిగ్రీల వెడ్జులు తెచ్చాం. గొడ్డలి కామకి కొట్టే సీల లాంటివే. అల్యూమినియంవి నలిగిపోతాయి, ఇనపవే తీసుకోండి. సీజే3బీకి కమాను ఇరుసు కింద ఉంటుంది, కాబట్టి మందం కొస ముందుకి రావాలి. కమాను ఇరుసు పైన ఉన్న బండికి వెనక్కి. ఇది తిరగబడితే ఉన్న వాలు కూడా పోతుంది! జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, ఛాసిస్ కింద దిమ్మెలు పెట్టండి. సెంటర్ బోల్టు కాస్త పొడుగుది వెయ్యాలి. ఎక్కువ డిగ్రీల ఆశకి పోవద్దు, ముందు జాయింటు షాఫ్టు కోణం మారి క్రాసులు అరుగుతాయి.

టో చివర్లోనే చూడాలి. టైర్ల మధ్య దూరం వెనక కంటే ముందు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండేట్టు టై రాడ్డు తిప్పాం.

నిన్న మా నాయనే గట్టు మీద నడిపాడు. ఏమీ అనలేదు, తాళం మాత్రం ఇంకా ఆయన జేబులోనే ఉంది. యూ బోల్టులు రేపు మళ్లీ బిగించాలి.